మూత తీయకముందు ఇది చదువు

చిత్తూరు,
మంగళవారం రాత్రి

పాపా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నా, మీ కూతురు బెంగళూరులో రెండు నెలలు సెలవు పెట్టి వచ్చేసింది, చెన్నైలో ఎవరి దగ్గరో స్టూడియో వీడియో క్యాసెట్లు ఆడించే పాత బీటా డెక్ కొనుక్కొచ్చింది, అటక మీది క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుందంట" అన్నాడు. 'మీ కూతురు' అన్నాడు చూడు. నీకు ఫస్ట్ క్లాస్ వస్తే వాడి కూతురివి, డబ్బు ఖర్చు పెడితే నా కూతురివి.

సంతోషమే అనిపించింది. మన ఇంట్లో నా తరవాత ఆ మెషీన్ ముట్టుకునేవాళ్లు ఇంకెవరూ లేరనుకున్నాను. కానీ మీ నాన్న ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నాడు. "బొమ్మ అదురుతా ఉందంట, ఉన్నట్టుండి పక్కకు లాగతా ఉందంట. రేపో ఎల్లుండో మూత తీసి చూస్తానంటా ఉంది." ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఫోన్‌లో చెబుదామంటే నా చెవులు సరిగా వినపడవు, నువ్వేమో రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడతావు. అందుకే రాస్తున్నాను. పొద్దున మనవడు ఈ కాగితాలను ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పంపుతాడు. అంతవరకైనా ఆగి ఉంటే చాలు.

మూత తీయకు. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో నాకు తెలుసు, టీవీ కింద సొరుగులో, కుట్టుమిషన్ నూనె డబ్బా పక్కన. దాన్ని మీ అమ్మకిచ్చి బీరువాలో పెట్టి తాళం వేయమను. తమాషాకు అనడం లేదు.

ఇక చిన్న చిన్న సంగతులు. డెక్ వెనక ప్లేటు తుడిచి, మోడల్ నంబర్ చివర 'పి' ఉందో లేదో చూడు. మీ నాన్న యూవీడబ్ల్యూ 1800 వరకు చదివి, ఆ తరవాత దుమ్ము ఉందన్నాడు. పి అంటే పాల్, మన దేశపు పాత టీవీ పద్ధతి. మన క్యాసెట్లన్నీ పాల్, 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. 525 గీతల డెక్ ఐతే వెనక్కి పంపించెయ్, దాంతో నువ్వెంత కుస్తీ పట్టినా మన బొమ్మ నిలవదు. మొదటిసారే మంచి క్యాసెట్ వేయకు. అటక మీద మీ చిన్నత్త పెళ్లి భోజనాల క్యాసెట్ ఒకటుంటుంది, గంటన్నర సేపు జనం సాంబారు పోసుకోవడమే. అది తెగినా ఎవరూ ఏడవరు. ఏ క్యాసెట్ వేసినా ముందు దాని ఎర్ర బిళ్ళను రికార్డ్ కాని వైపు పెట్టు.

తడి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మన తిరుపతికి తడి వచ్చేది ఆషాఢంలో కాదు, ఆశ్వయుజం చివర, కార్తీకంలో. 2021 నవంబరు వానలప్పుడు వీధిలో నీళ్లు ఎట్ల నిలిచాయో నువ్వూ వీడియో కాల్‌లో చూశావు. క్యాసెట్లు అటక మీద ఉండబట్టి నీళ్లలో మునగలేదు, కానీ గాలిలో తేమ అటకను వదిలిపెడుతుందా? ప్రతి క్యాసెట్ ముందు రేకు ఎత్తి, టేపు చుట్ట అంచును టార్చి వేసి చూడు. తెల్లగా, బూడిద రాసినట్టు కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్‌లో పెట్టావంటే టేపును చదివే హెడ్లకు అంటుకుని, తరవాత వేసే మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. అట్లాంటివి వేరే పెట్టెలో పెట్టు, వాటి సంగతి తరవాత చూద్దాం. మిగతావి ఒక రోజు ముందే ఆ గదిలోకి తెచ్చి పెట్టుకో. ఆడించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టు. ఏళ్ల తరబడి ఒకే బిగువుతో కూర్చున్న టేపు, నిద్రలోంచి లేచి వెంటనే పరుగెత్తలేదు.

హెడ్లకు మురికి పట్టిందనిపిస్తే క్లీనింగ్ క్యాసెట్ వేయి, ఐదు సెకన్లు మాత్రమే. నిమిషం సేపు వేస్తే ఇంకా శుభ్రం అవుతుందనుకునే తెలివి మన వంశంలో ఉంది కాబట్టి చెబుతున్నాను. బీటాలో వెలుగుకు ఒక ట్రాక్, రంగుకు ఒక ట్రాక్, వేర్వేరు హెడ్లు. బొమ్మ నిలకడగా ఉండి రంగు మాత్రం పోయిందంటే రంగు హెడ్ మూసుకుందేమో చూడు. నీ డెక్‌లో వచ్చేది ఆ జబ్బు కాదు. నీది అదురు.

అదురుకు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. అన్ని క్యాసెట్లకూ అదురుతోందా, ఒక్క క్యాసెట్‌కేనా? ఒక్కదానికే ఐతే జబ్బు క్యాసెట్‌ది. అన్నిటికీ ఐతే డెక్‌ది కావచ్చు. కానీ తొంభై పాళ్లు డెక్ వెనక తగిలించినవాటిదే అవుతుంది. ఈ ప్రశ్న వేసుకోకుండానే నేను... సరే, అది తరవాత రాస్తాను.

రెండోది, దేంట్లో చూస్తున్నావు? కొత్త ఎల్‌ఈడీ టీవీలోనా? సింక్ అంటే ఏ గీత, ఏ ఫ్రేము ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే తాళం. పాత ట్యూబు టీవీ, సింక్ కాస్త అటూ ఇటూ ఐనా దాని వెంటే పోయి, ఊగుతూనైనా బొమ్మ చూపించేది. కొత్త టీవీలకూ, బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డులకూ అంత ఓర్పు లేదు. సింక్ కొంచెం తప్పిందంటే నల్లగా అయిపోతాయి, లేదంటే ఫ్రేములు మింగేస్తాయి. ఫ్రేములు మింగితే ధ్వని ముందుకు పోతుంది, బొమ్మ వెనకబడుతుంది. మీ వీధిలో ఎవరింట్లోనైనా పాత ట్యూబు మానిటర్ ఉంటే అడిగి తెచ్చుకో. ఏది మెషీన్ తప్పో, ఏది టీవీ అసహనమో దాంట్లో తెలుస్తుంది.

మూడోది కేబుళ్లు. నీ డెక్ వెనక కాంపోనెంట్ అవుట్ మూడు సాకెట్లుంటాయి. వై, ఆర్ మైనస్ వై, బి మైనస్ వై. వై అంటే వెలుగు. సింక్ అంతా వై తీగలోనే పోతుంది, మిగతా రెండూ రంగు తేడాలే. బొమ్మ దొర్లినా, పక్కకు లాగినా ముందు ఆ వై తీగను, దాని రెండు చివర్లనూ అనుమానించు. తీగ చివర తిప్పి బిగించే బీఎన్‌సీ పిన్ను లోపల వదులైపోయి, పైకి మాత్రం గట్టిగా బిగిసినట్టు ఉంటుంది. దాన్ని చేత్తో మెల్లగా వంచుతూ మానిటర్ చూడు. ఆ రెండు రంగు తీగలు తారుమారైతే మనుషుల ముఖాలు జబ్బు చేసినట్టు కనిపిస్తాయి కానీ బొమ్మ కదలదు. అదిరేది సింక్, ముఖం మాడేది రంగు, రెండింటినీ కలపకు.

ధ్వనిని కూడా అదే క్యాప్చర్ కార్డులోకే ఇవ్వు. కంప్యూటర్ మైకు సాకెట్‌లోకి ఇస్తే ఆ రెండింటి గడియారాలూ ఒకటి కావు, గంట క్యాసెట్ చివరికొచ్చేసరికి మాట ఒక దగ్గర, పెదవి ఒక దగ్గర ఉంటుంది.

ఒక్క డెక్, ఒక్క కార్డు పెట్టుకుని పని చేస్తున్నావు కాబట్టి నీకు బయటి రిఫరెన్స్, అంటే బయటినుంచి ఇచ్చే తాళం, అక్కర్లేదు. ఆ డెక్‌లోనే టైమ్ బేస్ కరెక్టర్ (టీబీసీ) ఉంది, లోపలి గడియారంతో అది తన బొమ్మను తానే సరిచేసుకుంటుంది. చెన్నైవాడు డెక్‌తో పాటు ఒక బ్లాక్ బర్స్ట్ జనరేటర్ డబ్బా కూడా అంటగట్టాడని మీ నాన్న అన్నాడు. దాన్ని తీసి పక్కన పెట్టు. నాలుగు మెషీన్లు ఒకే తాళానికి ఆడాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బా కావాలి. మేము స్టూడియోలో బొమ్మలు కలిపే మిక్సర్‌కు రెండు డెక్కులు కట్టినప్పుడు అది లేకపోతే గడిచేది కాదు. నువ్వు వాడితే లేని రోగం తెచ్చుకున్నట్టు. పైగా అది 525 గీతల డబ్బా ఐతే, నీ పాల్ డెక్‌కు పక్కన కూర్చుని తప్పు తాళం వేసినట్టే.

ఆ రిఫరెన్స్ తీగ పీకేయగానే అదురు ఆగిపోతే, నాకు ఫోన్ చేసి నవ్వు. ఆగకపోతే కూడా మూత తీయకు. తీయకు అని ఎందుకు ఇన్నిసార్లు రాస్తున్నానో ఇప్పుడు చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలీదు.

అది 1998, కార్తీకం. నేను బైరాగిపట్టెడ దగ్గర ఒక చిన్న స్టూడియోలో పని చేసేవాణ్ణి. పెళ్ళిళ్ళు, భక్తి క్యాసెట్లు, కేబుల్ వాళ్లకు కార్యక్రమాలు. ఓనరు అప్పు చేసి రెండు బీటా డెక్కులు కొన్నాడు, వాటిని నేను పసిపిల్లల్లా చూసుకునేవాణ్ణి. ఒకరోజు ఎడిటింగ్‌లో ఉండగా బొమ్మ అదిరింది. రెండు నిమిషాలు బాగుంటుంది, ఉన్నట్టుండి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు పక్కకు జారి మళ్లీ నిలబడుతుంది. సరిగ్గా నీకొచ్చిన జబ్బే. రెండు రాత్రులు దాని ముందే కూర్చున్నాను. టేపు ఆగి ఉన్నప్పుడు, కెమెరా బొమ్మ డెక్ గుండా వచ్చేటప్పుడు అంతా శుభ్రం. ప్లే నొక్కితేనే అదురు. అంటే తప్పు టేపు పోయే దారిలోనే అని తేల్చేశాను. చూడు, తర్కం ఎంత చక్కగా ఉందో. అందుకే మోసపోయాను.

మూత తీశాను. హెడ్లు బిగించిన డ్రమ్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ మెరుస్తోంది. డ్రమ్‌కు టేపు వెళ్లే వైపు ఒక గైడ్ పోస్టు ఉంటుంది, టేపు ఎంత ఎత్తులో డ్రమ్‌ను తాకాలో చెప్పేది అదే. దాని మీద ఫ్యాక్టరీవాళ్లు ఎర్ర లక్క చుక్క పెట్టారు, ముట్టుకోవద్దని. ఆ లక్క గీకేశాను. పక్కనున్న చిన్న బిగింపు స్క్రూ వదులు చేసి, పోస్టును గడియారం ముల్లు తిరిగే దిక్కుకు పావు చుట్టు తిప్పాను. ఆ ట్రాక్ వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు పాపా. పావు చుట్టు అంటే ఎంతో ఆరోజు నాకు తెలీదు.

డెక్‌ను మళ్లీ బల్ల మీదికి ఎక్కించి తీగలు తగిలించాను. బొమ్మ ఆగింది! గంట చూశాను, రెండు గంటలు చూశాను. అదురు లేదు. ఆ రాత్రి బస్టాండు దగ్గర నాలుగు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను. ఓనరు నా భుజం తట్టి, "చెన్నైకి పంపితే ఎంతవుతుందో తెలుసునా నీకు?" అన్నాడు. నాకు గర్వం తలకెక్కింది.

ఆ వారంలోనే మీ తాత హరికథ. కపిలతీర్థం దారిలో పందిరి వేశారు, పౌర్ణమి స్నానాలకు వచ్చిన జనమంతా కూర్చున్నారు. మార్కండేయుడి కథ. మా నాయన అప్పటికే దగ్గుతో సగమైపోయి ఉండె. గజ్జెలు కట్టుకుంటూ నన్ను చూసి, "ఏందిరా, నన్ను కూడా పెట్టెలో పెడతావా?" అన్నాడు. నేను ఓనరును అడిగి ఆ డెక్‌నే ఆటోలో వేసుకుని వెళ్లాను, కెమెరా తీగ నేరుగా దాంట్లోకే. మూడు గంటల కథ, రెండు పెద్ద క్యాసెట్లు. యముడు పాశం వేసే దగ్గర నాయన చిడతలు ఆపేసి, ఒక్క క్షణం ఊరుకున్నాడు. పందిరి మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతసేపూ కెమెరా కన్నుకు నా కన్ను ఆనించి నిలబడ్డాను. నాయన ముఖం ఫ్రేములో పై భాగాన, చేతులు మధ్యలో, గజ్జెలు కింద. అంత చక్కగా ఫ్రేము నేను మళ్లీ ఎప్పుడూ కట్టలేదు.

స్టూడియోకొచ్చి అదే డెక్‌లో వేసి చూస్తే అద్దంలా ఉంది. అవును, ఉంటుంది. ఆ డెక్ తప్పుగా రాసింది, తప్పుగానే చదువుతుంది. వంకర కన్నుతో గీసిన గీత వంకర కన్నుకు తిన్నగానే కనిపిస్తుంది. కాపీ తీయాలనుకున్నాను. నాయనదే కదా, తొందరేముంది, ముందు పెళ్ళిళ్ళవాళ్లవి చేద్దాం అనుకున్నాను. ఆ నెలలో రెండు పెళ్ళిళ్ళు ఆ డెక్‌లోనే రికార్డయ్యాయి, వాటి వీహెచ్‌ఎస్ కాపీలు అదే డెక్ నుంచి తీసి ఇచ్చేశాను, వాళ్లకు ఏ నష్టమూ జరగలేదు. మన క్యాసెట్ ఒక్కటే మిగిలిపోయింది.

ఇరవై నాలుగు రోజుల తరవాత డెక్ సర్వీసుకని చెన్నై వెళ్లింది. అక్కడి ఇంజనీరు పెద్దాయన, అరవంలో ఫోన్ చేసి అడిగాడు, "ఈ లక్క ఎవరు గీకారు?" నేను పలకలేదు. ఆయన సరైన కొలతకు రికార్డు చేసిన అలైన్‌మెంట్ టేపు పెట్టి పోస్టును ఎక్కడ ఉండాలో అక్కడికి తెచ్చి పంపించాడు. డెక్ వచ్చింది. నేను బుద్ధిగా అన్ని తీగలూ పాత పద్ధతిలో కట్టాను. ప్లే నొక్కితే మళ్లీ అదే అదురు!

అప్పుడు కూర్చున్నాను కింద, నేల మీద, డెక్ వెనకవైపు. రిఫరెన్స్ తీగ జనరేటర్ నుంచి మిక్సర్‌కు, అక్కడి నుంచి మొదటి డెక్‌కు, దాని నుంచి రెండో డెక్‌కు గొలుసులా పోతుంది. ఆ గొలుసు చివర ఒక్క చోట మాత్రం, సిగ్నల్ తిరిగి వెనక్కి రాకుండా ఆపే 75 ఓమ్‌ల టర్మినేటర్ ఉండాలి. చివర ఉంది, బొటనవేలంత ఉంటుంది, నేనే పెట్టాను. కానీ మొదటి డెక్ వెనక, అదే పని చేసే 75 ఓమ్ స్విచ్ కూడా ఆన్‌లో ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు జరిగి ఉంటుంది. తుడిచేదీ నేనే. రెండు చోట్ల టర్మినేషన్ పడితే ఒక ఓల్టు ఉండాల్సిన సిగ్నల్ మూడింట రెండు వంతులకు పడిపోతుంది. సింక్ 300 మిల్లీఓల్టులు ఉండాలి, సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోపు పెట్టి చూస్తే 200. డెక్‌కు అది ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు. అందనప్పుడు తాళం తప్పి బొమ్మ జారుతుంది. టేపు ఆగి ఉన్నప్పుడు కెమెరా బొమ్మ నేరుగా వచ్చేస్తుంది కాబట్టి తేడా కనిపించదు. నా తర్కం అంతా అక్కడ బోర్లా పడింది. బొమ్మ తీగకు టర్మినేటరే లేకపోతే దీనికి ఎదురు, సిగ్నల్ రెట్టింపయ్యి బొమ్మ తెల్లగా మండిపోతుంది, అంచులకు నీడలు వస్తాయి. రెండూ గుర్తుపెట్టుకో.

మరి ఆ రోజు పోస్టు తిప్పగానే అదురు ఎందుకు ఆగింది? డెక్ మూత తీయడానికి తీగలన్నీ పీకి, మళ్లీ తగిలించేటప్పుడు ఆ టర్మినేటర్‌ను తువ్వాలు కింద మరిచిపోయాను. అంతే. ఒక టర్మినేషనే మిగిలింది, జబ్బు నయమైంది. నేను స్క్రూ వల్ల అనుకున్నాను.

ఆ రాత్రే నాయన క్యాసెట్ వేశాను. గొంతు శుభ్రంగా వస్తోంది, ధ్వనిని చదివేది కదలని హెడ్, వేరే దారి. చిడతలు వినపడుతున్నాయి. చేతులు కనిపిస్తున్నాయి, గజ్జెలు కనిపిస్తున్నాయి. తెర పై భాగమంతా ఇసుక. టేపు డ్రమ్ దగ్గరికి వచ్చే వైపు గైడు తప్పితే పాడయ్యేది బొమ్మ పై భాగమే. నాయన ముఖం ఉన్న భాగం.

మళ్లీ పోస్టు తిప్పి కాపీ తీసుకుందామా అనుకున్నాను. డెక్ నాది కాదు, చెన్నై బిల్లు చూసి ఓనరు అప్పటికే నాతో మాట్లాడటం మానేశాడు. మాఘంలో నాయన పోయాడు. పదకొండో రోజు మీ నాన్న ఆ క్యాసెట్ అడిగాడు. వేసి చూపించాను. "ఏందన్నా ఇది, ముఖం లేదే?" అన్నాడు. "ఆ రోజు వాన కదరా, తడి తగిలింది" అన్నాను. వాడు నమ్మాడు. ఇప్పటికీ ఎవరు అడిగినా "మా నాయన క్యాసెట్‌ను వాన తినేసింది" అంటాడు. నువ్వు ఆ క్యాసెట్ వేస్తావు, కాస్త చదువుకున్నదానివి, తడి తగిలితే ఎట్ల ఉంటుందో, గైడు తప్పితే ఎట్ల ఉంటుందో నెట్లో చూస్తే నీకే తెలిసిపోతుంది. నీ అంతట నువ్వు కనిపెట్టడం కంటే నేను చెప్పడమే మర్యాద.

ఇదీ సంగతి. కాబట్టి వరస ఇది. ముందు బయట, తరవాత తీగలు, తరవాత స్విచ్చులు, తరవాత క్యాసెట్, మెషీన్ లోపల అన్నిటికంటే ఆఖరున. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చింది నోట్‌బుక్‌లో రాసుకో, ఏ టైముకు మార్చావో కూడా. నేను రాసుకుని ఉంటే 'టర్మినేటర్ తగిలించలేదు' అని ఆ రాత్రే కనిపించేది. టీబీసీ మీద సింక్ అనీ, ఎస్‌సీ అనీ ఫేజు నాబులుంటే వాటితో ఆడకు, అవి రెండు డెక్కుల బొమ్మలు కలిపేవాళ్లకు. ట్రాకింగ్ నాబు తిప్పి చూడొచ్చు, అది తిప్పడానికే పెట్టారు, చూశాక మధ్యకు తెచ్చి పెట్టు.

కరెంటు ఒకటి మరిచిపోయాను. తెర మీద వెడల్పాటి పట్టీ ఒకటి నిదానంగా పైకో కిందికో పాకుతూ ఉంటే అది ఎర్తు గొడవ. మన కరెంటు 50 సైకిళ్లు, మన బొమ్మ సెకనుకు 50 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం ఫ్రేము), అందుకే ఆ పట్టీ అంత నిదానంగా కదులుతుంది. డెక్, కంప్యూటర్, మానిటర్ మూడూ ఒకే స్ట్రిప్‌లో పెడితే చాలావరకు పోతుంది. దానికోసం ప్లగ్గు మూడో పిన్ను విరిచేవాళ్లుంటారు. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి రెండు తగిలిస్తాను, మోకాళ్లు నొప్పులైనా సరే. వాన మొదలై లైట్లు మిణుకుమంటే టేపు బయటికి తీసి డెక్ ఆపెయ్. టేపు డ్రమ్‌కు చుట్టుకుని ఉండగా కరెంటు పోతే తీయడం పెద్ద పని.

ఇంకొక భయం, డెక్ వయసు. ఆ కాలపు బోర్డుల మీది చిన్న కెపాసిటర్లు కారిపోతాయి. కాసేపు వేడెక్కాక చేపల వాసన లాంటిది వస్తే, టేపు లేకపోయినా బొమ్మ అదురుతూ ఉంటే, ఆపి పక్కన పెట్టు. అది నీ పని కాదు, నా పని కూడా కాదు, బోర్డు పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి. మరీ ముఖ్యంగా పవర్ సప్లై డబ్బా జోలికి పోవద్దు. స్విచ్ తీసేసినా దాంట్లో కరెంటు దాక్కుని ఉంటుంది. నీకు చిన్నప్పుడు మిక్సీ షాక్ కొడితే మీ అవ్వ మూడు రోజులు పూజ గదిలోంచి బయటికి రాలేదు, ఇప్పుడు ఆమె కూడా లేదు.

ఎక్కించేటప్పుడు బొమ్మను అందంగా చేయాలని చూడకు. 720 బై 576, సెకనుకు 25, ఇంటర్‌లేస్‌డ్‌గానే (గీత విడిచి గీతగానే) ఉంచు. గీతలు గీతలుగా కనిపిస్తే కంగారు పడకు, అవి దాని పుట్టుమచ్చలు. శుభ్రం చేసేది తరవాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, అసలు కాపీ మాత్రం ఎట్ల వచ్చిందో అట్లే రెండు డిస్కుల్లో పెట్టు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇక్కడ నా దగ్గర. మన ఇంట్లోవి అయ్యాక వీధిలోవాళ్లవి కూడా చేస్తానన్నావంట. గంగమ్మ జాతర వేషాల క్యాసెట్లు చాలా ఇళ్లలో ఉన్నాయి, అడిగితే ఇస్తారు. డబ్బులు తీసుకో. ఊరికే చేస్తే నీ పనికి విలువ ఇవ్వరు, ఆలస్యమైతే తిడతారు.

మన అటక మీద నీలం సిరాతో 'నాయన - కార్తీకం - 1, 2' అని రాసిన రెండు క్యాసెట్లుంటాయి. వాటిని వేయొద్దని చెప్పను, కానీ ఆఖరున పెట్టుకో. మిగతావన్నీ ఎక్కించి అయిపోయాక, ఆ డెక్ వల్ల ఇక వేరే పని లేదనుకున్న రోజున, నాకు ఫోన్ చేయి. వేరే ఎవరైనా ఐతే ఆ పోస్టు ఎంత తప్పిందో చీకట్లో వెతుక్కోవాలి. నాకు తెలుసు. గడియారం దిక్కుకు పావు చుట్టు. నీ డెక్ కూడా అదే మోడలు. పోస్టు మీద, పక్కన చట్రం మీద ముందు సన్న గీత గీసుకుని, ఆసిలోస్కోపు చూస్తూ వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పితే ముఖం వస్తుంది. రావాలి.

ఆ పని నువ్వు చేయకు. నేనే వస్తాను. చిత్తూరు నుంచి రెండు గంటల బస్సు, మనవడు ఎక్కించి పంపుతాడు. మేడ మెట్లు ఎక్కలేను కాబట్టి డెక్‌ను కింది గదికి దించి పెట్టు, ఒక్కదానివే ఎత్తకు, బరువు, ఇద్దరు పట్టుకోండి. మీ అమ్మను ఆ రోజు స్క్రూడ్రైవర్ బయటికి తీయమను. మీ నాన్నను ఆదివారం ఇంట్లోనే ఉండమను. వాన సంగతి ఆ రోజు వాడికి నేనే చెబుతాను, నువ్వు ముందే నోరు జారకు.

ఈ జాబుతో పాటు బస్సు పార్సిల్‌లో చిన్న డబ్బా పంపుతున్నాను. రెండు కొత్త బీఎన్‌సీ తీగలు, శామోయిస్ అనే మెత్తని తోలు ముక్క, దాంతో పాటు చిల్లర పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బీలో ఆ టర్మినేటర్. నీకు దాంతో పని లేదు, ఊరికే చూడు.

మీ
పెద్దనాయన